మిషన్ తప్పు, చేతి తప్పు

నాకు కోపం ఎక్కువ. అయితే అది ఇంట్లోవాళ్ళ మీద రాదు, నా జోలికి ఎప్పుడూ రాని పెద్ద పెద్ద దేశాల మీద వస్తుంది. సాయంత్రం ఏడింటికి సూరత్‌లో, పర్వత్ పాటియాలో మా కార్ఖానా ఎదుటి చాయ్ బండి దగ్గర నిలబడి, చేతిలో గ్లాసు పట్టుకుని, రోజుకొక దేశాన్ని బోనెక్కించేవాణ్ణి. ఆ పని నాకు చాలా ఇష్టం. పొద్దంతా గుడ్డ చూసి చూసి అలిసిన కళ్ళకు అదే విశ్రాంతి. చాయ్ బండి ఆయనకు కూడా నా మాటలు ఇష్టమే, ఎందుకంటే నా తీర్పు పూర్తయ్యేలోపు వినేవాళ్ళు రెండో చాయ్ చెప్పేవాళ్ళు.

నేను సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాణ్ణి. సూరత్‌లో అడుగుపెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. సాంచాల మధ్య నడిచి నడిచి మోకాళ్ళు మొరాయించాక, నాలుగేళ్ళ కిందట కార్ఖానా యజమాని శేఠ్ నన్ను చెకింగ్ టేబుల్ ముందు కూర్చోబెట్టాడు. అద్దం బల్ల, దాని కింద ట్యూబులైట్లు, పైన పాలనురుగులాంటి తెల్లటి గుడ్డ. నిలబడి చేసే పని పోయి కూర్చుని చేసే పని వచ్చింది, పైగా అందరూ మాస్టర్ అని పిలవడం మొదలుపెట్టారు. ఇంతకన్నా ఏం కావాలి అనిపించేది. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ అట్లాగే అనిపిస్తుంది.

చాయ్ బండి దగ్గర నా మాటలు వినేవాళ్ళలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు మా బావ, అంటే మా అక్క భర్త. ఆయనది పగటి షిఫ్టు. రెండో ఆయన ఒడియా మనిషి, బరంపురం అవతల ఏదో పల్లె. ఆయనది రాత్రి షిఫ్టు. ఇద్దరివీ అవే ఎనిమిది సాంచాలు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా బావ నడిపితే, అక్కడి నుంచి పొద్దున దాకా ఆయన నడుపుతాడు. ఒకే మంచాన్ని వంతులేసుకుని వాడుకునేవాళ్ళలాగా, ఒకరు దిగితేగాని ఇంకొకరు ఎక్కడానికి లేదు. కలిసేదల్లా ఆ చాయ్ బండి దగ్గర పావుగంట. ఆ ఒడియా ఆయనకు తెలుగు బాగానే వచ్చు, కాకపోతే అది శ్రీకాకుళం వైపు తెలుగు. మా తెలుగుకు ఆయన నవ్వేవాడు, ఆయన తెలుగుకు మేం నవ్వేవాళ్ళం, చివరికి ముగ్గురం హిందీలోకి దిగేవాళ్ళం.

“సూడున్రి,” అని మొదలుపెట్టేవాణ్ణి నేను. “అమెరికోడు ఇరాక్ మీద వడ్డప్పుడు ఏమన్నడు? లోకానికి ముప్పున్నది, గందుకే పోయిన అన్నడు. రష్యావోడు యుక్రెయిన్ మీద వడ్డప్పుడు గదే అమెరికోడు ఏమన్నడు? ఒకల దేశంల ఇంకొకలు సొరవడుడేంది, గింత అన్యాయమా అన్నడు. రష్యావోడు మాత్రం తక్కువనా? ఇరాక్ అప్పుడు న్యాయం, కానూన్ అని మొత్తుకున్నోడే, తన వంతు వచ్చినంక అసలిది యుద్ధమే కాదు పొమ్మన్నడు!”

“మరి నువ్వేమంటవు జడ్జిసాబ్?” అని బావ ఎగదోసేవాడు.

“నేనేమంట? బాంబు బాంబే. ఎవడేసినా కిందున్నోనికి గదే సావు.”

ఈ మాట అన్నాక గ్లాసులో మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసేవాణ్ణి. నాటకంలో తెర దించినట్టు. ఇక ఆ రోజుకు ఇంటికి పోవచ్చు.

నా దగ్గర సరుకు తక్కువేమీ లేదు. ఫోన్లో తెలుగు పేపరు, తోవలో గుజరాతీ పేపరు బొమ్మలు, ఇంట్లో హిందీ టీవీ. శత్రువు వేసిన బాంబు బడి మీద పడితే దాన్ని రాక్షసత్వం అంటారు. మిత్రుడు వేసిన బాంబు అట్లాంటి బడి మీదే పడితే అది విచారకరమైన పొరపాటు, దాని మీద విచారణ జరుగుతుంది. ఆ విచారణ ఎవరు చేస్తారయ్యా అంటే, బాంబు వేసినవాడే. కతర్‌గామ్‌లో వజ్రాలు సానబట్టే మా పక్కింటాయన ఒకసారి చెప్పాడు, రష్యా గనుల రాయికి యుద్ధం మరక ఉందని పడమటి దేశాలు కొనడం మానేశాయట, తన పని సగానికి పడిపోయిందట. “మరి వాళ్ళు యుద్ధాలు చేసినప్పుడు వాళ్ళ సరుకుకు మరక అంటలేదా?” అని నేను ఆయన ఇంటి గుమ్మంలోనే నిలబడి కేకలు వేశాను. ఆయనకు నా కోపంతో కడుపు నిండలేదు గాని, నాకు మాత్రం ఆ రోజు నిద్ర బాగా పట్టింది.

ఇప్పుడు నా పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

సాంచా మీద నుంచి దిగిన గుడ్డ తాను నా టేబుల్ మీదికి వస్తుంది. దాన్ని వెలుతురు మీదుగా లాగుతూ తప్పులు వెతుకుతాను. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అడ్డపట్టీ. నడుస్తున్న సాంచా దారం తెగి ఆగిపోయి, మళ్ళీ నడిచినచోట గుడ్డకు అడ్డంగా ఒక సన్నటి గీత పడుతుంది. అది ఎవరి తప్పో నేను చిట్టీ మీద రాయాలి. రాసేది రెండే మాటలు. ఒకటి మిషన్, రెండు చెయ్యి. మిషన్ అని రాస్తే ఫిట్టర్ వచ్చి సాంచా బాగుచేస్తాడు, నడిపినవాడికి ఏ మచ్చా రాదు. చెయ్యి అని రాస్తే నడిపినవాడు అజాగ్రత్తగా ఉన్నాడని అర్థం.

దీన్ని తేల్చడం పెద్ద విద్యేమీ కాదు. సాంచాలో గుడ్డను లాగే పళ్ళచక్రం అరిగిపోతే పట్టీలు సమానమైన దూరంలో పడతాయి, జానతో కొలిస్తే తెలిసిపోతుంది. అదే మనిషి తొందరపడి, తెగిన పేకపోగును, అంటే అడ్డదారాన్ని, వెనక్కి తిప్పి తీయకుండానే సాంచా మళ్ళీ నడిపిస్తే, పట్టీలు ఎక్కడపడితే అక్కడ పడతాయి. ఈ ముక్క నేనే పదిమందికి నేర్పాను. నేర్పేటప్పుడు జాన చాచి, వేళ్ళు ఆడించి, చాలా గొప్పగా నేర్పాను.

ఇక గుడ్డలో ఏ ముక్క ఎవరు నేశారో తెలియాలి కదా. దానికి మా కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. పగటి షిఫ్టువాడు పని మొదలుపెట్టేటప్పుడు గుడ్డ అంచులో ఒక ఎర్ర దారం గుచ్చుతాడు. రాత్రి షిఫ్టువాడు ఆకుపచ్చ దారం గుచ్చుతాడు. ఎర్ర దారం నుంచి ఆకుపచ్చ దాకా పగలు, ఆకుపచ్చ నుంచి ఎర్ర దాకా రాత్రి. అంటే ఆ ఎనిమిది సాంచాల గుడ్డ మీద నాకు ఎర్రది కనిపిస్తే బావ, ఆకుపచ్చది కనిపిస్తే ఒడియా ఆయన.

ఆ ఏడాది ఎక్కడో మళ్ళీ యుద్ధం ముదిరింది. దేశాలు కొట్టుకుంటే సూరత్‌కు ఏమిటి అనుకుంటారు గాని, మేం నేసే పాలిస్టర్ దారం చమురు నుంచే పుడుతుంది. సముద్రంలో ఓడలు తోవ మార్చుకుంటే ఇక్కడ మా శేఠ్ ముఖం రంగు మారుతుంది. దారం ధర ఎక్కింది, గుడ్డ అడిగేవాడు తగ్గాడు. ఒకరోజు శేఠ్ నన్ను పైన ఆఫీసుకు పిలిచి, ఆ ఎనిమిది సాంచాలు ఇకమీద ఒక్క షిఫ్టే నడుస్తాయని చెప్పాడు. ఇద్దరిలో ఒక్కడే ఉంటాడు. ఎవరి గుడ్డ శుభ్రంగా ఉంటే వాడు. “మాస్టర్, పిఛలే తీన్ హఫ్తే కా మాల్, చిట్టీ కే సాథ్. పరసోఁ లేకే ఆవ్,” అన్నాడు. పోయిన మూడు వారాల సరుకు, దానితో పాటు నా చిట్టీలు, ఎల్లుండి పట్టుకురమ్మని.

ఆ సాంచాలు పోతే బావకు ఇబ్బందే, కాదనను. కాని బావ ఇరవై ఏళ్ళుగా ఇక్కడ పాతుకుపోయిన మనిషి. పది కార్ఖానాల్లో పది మంది ఎరుక. అక్క ఇంట్లో చీరలకు లేసు కుడుతుంది. ఒడియా ఆయన సంగతి అట్లా కాదు. పన్నెండేళ్ళు పదిమందితో ఒక్క గదిలో పడుకుని, నాలుగు నెలల కిందటే భార్యనూ కూతురినీ తెచ్చుకున్నాడు. పాపను ఇక్కడి ఒడియా బళ్ళో రెండో తరగతిలో వేశాడు. పొద్దున షిఫ్టు దిగి, కళ్ళు మూతలు పడుతున్నా పాపను చెయ్యి పట్టుకుని బడికి దింపి వచ్చేవాడు. ఆ దింపి రావడం గురించి చాయ్ దగ్గర రోజూ చెప్పేవాడు, మేం విన్నదే విని నవ్వేవాళ్ళం. సాంచాలు పోతే ఆ ఇద్దరినీ మళ్ళీ రైలెక్కించాలి.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా నా మనసు కులాసాగానే ఉంది. ఎందుకంటే నేను ఎవరికీ అన్యాయం చేయడం లేదు. నా చిట్టీలు నేను ముందే రాసి పెట్టుకున్నవి, ఈ గొడవ రాకముందే రాసినవి. అందులో ఏముంటే అదే. ఆ సాయంత్రం చాయ్ బండి దగ్గర మామూలుగానే దేశాల మీద పడ్డాను. బావ, ఒడియా ఆయన ఇద్దరూ ఉన్నారు, ఇద్దరికీ కబురు అందింది, ఇద్దరూ మాట్లాడటం లేదు. ఆ మౌనం పోగొడదామని నేను ఇంకా గొంతు పెంచాను.

నేను ముగించాక ఒడియా ఆయన మెల్లగా అన్నాడు. “భాయ్, ఒక మాట అడగమంటారా? ఆ పెద్ద దేశాలున్నాయి కదా, ఆటికి ఎవులు చెప్పాల తీర్పు?”

“గదే కదా గోస!” అన్నాను నేను తొడ చరిచి. “తీర్పు చెప్పెటోనికి కూడ ఒక పక్కన సుట్టపోల్లుంటరు. ఇగ ఆడు ఏం జెప్తడు!”

చాయ్ బండి ఆయన నవ్వాడు. ఒడియా ఆయన నవ్వలేదు. బావ నా ముఖంలోకి కాసేపు చూసి, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. సాంచాల బెంగ అనుకున్నాను.

ఎల్లుండి వచ్చింది. పొద్దున పది గంటలకు ఆఫీసులో శేఠ్, నేను, బావ, రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోకుండా ఆగిన ఒడియా ఆయన. ఆయన జుట్టు నిండా దారం పింజలు. నేను తానులు ఒక్కొక్కటే విప్పి, దారం చూపించి, చిట్టీ చదివాను. మొదటి వారం ఎర్ర దారం, మిషన్. ఆకుపచ్చ దారం, చెయ్యి. రెండో వారం ఎర్రది మిషన్, ఆకుపచ్చది చెయ్యి. మూడో వారం కూడా అంతే. నా గొంతు నాకే చాలా నిదానంగా, న్యాయంగా వినిపించింది.

శేఠ్ ఒడియా ఆయన వైపు తిరిగాడు. ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఒక్కటే అన్నాడు. “బడి సెలవులిచ్చేదాకా ఉంచండి శేఠ్. బేటీని మధ్యలో తియ్యాలంటే కష్టమౌతాది.” తెలుగులో అన్నాడని ఆయనకే తెలియలేదు. నేను హిందీలో చెప్పబోయాను.

“శేఠ్, ఏక్ మినిట్,” అన్నాడు బావ. “దూస్‌రే హఫ్తే కా హరా ధాగా మేరా హై.”

రెండో వారం ఆకుపచ్చ దారం తనది అంటున్నాడు. నేను బావకు బెంగతో మతి పోయిందనుకున్నాను.

జరిగింది ఇది. ఆ వారం బావ కూతురికి పదో తరగతి పరీక్షలు. పరీక్ష పెట్టిన బడి ఎక్కడో కతర్‌గామ్ దాటి ఉంది. పొద్దున దాన్ని తీసుకుపోయి, మధ్యాహ్నం దాకా బయట కూర్చుని, వెంట తీసుకురావాలి. శేఠ్ షిఫ్టులు మార్చుకోనివ్వడు. అందుకని బావ ఒడియా ఆయన్ని అడిగాడు, ఆయన ఒక్క మాట కూడా వెనకాడకుండా సరేనన్నాడు. వారం రోజులు ఆయన పగలు, బావ రాత్రి. దారం రంగు షిఫ్టుదే గాని మనిషిది కాదు కనుక, ఆయన ఎర్రది గుచ్చాడు, బావ ఆకుపచ్చది గుచ్చాడు. ఈ సంగతి మా అక్కకు తెలుసు, మేనకోడలికి తెలుసు, చాయ్ బండి ఆయనకు తెలుసు. నాకే చెప్పలేదు. నా నోట్లో మాట ఆగదని.

ఆ వారమంతా చాయ్ బండి దగ్గర వాళ్ళిద్దరూ నా ముందే ఉన్నారు. బావ తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చేవాడు. ఒడియా ఆయన పింజలతో దిగేవాడు. ఎవరు లోపలికి పోతున్నారో, ఎవరు బయటికి వస్తున్నారో కళ్ళున్న ఎవడికైనా తెలుస్తుంది. తెల్ల గుడ్డ మీద వెంట్రుకంత గీతను పట్టేవాణ్ణి, మనుషుల జుట్టు మీద పింజలను చూడలేదు. నాకు అప్పుడు దేశాలతో పని.

శేఠ్ చిట్టీలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఎర్ర దారం ఉంటే చాలు మిషన్. నేసింది బావైనా మిషనే, బావది అని నేననుకున్న ముక్క ఒడియా ఆయన నేసినా మిషనే. ఆకుపచ్చ అయితే చెయ్యి. బావ నేసినా సరే చెయ్యే. శేఠ్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

“మాస్టర్,” అన్నాడు, “మషీన్ భీ ఆద్మీ దేఖ్ కే బిగడ్తీ హై క్యా?”

మిషన్ కూడా మనిషిని చూసి పాడవుతుందా అని. నిజంగా చెబుతున్నాను, నేను కావాలని చేయలేదు. మూడేళ్ళలో ఒక్కరోజు కూడా బావను కాపాడుదామని అనుకోలేదు, ఆ ఒడియా ఆయన్ని పడగొడదామని అంతకన్నా అనుకోలేదు. ఎర్ర దారం చూడగానే, మా బావకు పని రాదా ఏమిటి, ఇది సాంచా తప్పే అయి ఉంటుంది అని చెయ్యి దానంతటదే రాసేసేది. ఆకుపచ్చ దారం చూడగానే అదే చెయ్యి రెండో మాట రాసేది. జాన చాచి కొలవాలని గుర్తు రాలేదు. పెద్ద దేశాల పెద్దమనుషులు కూడా ఇట్లాగే, రాత్రి చక్కగా నిద్రపోయి లేచి, మంచి మనసుతోనే అబద్ధాలు చెబుతారేమో. ఆ ఆలోచన రాగానే నాకు ఒళ్ళు మండింది, ఈసారి నా మీద.

“మళ్ళ జూస్త,” అన్నాను హిందీలో. “దారం కనవడకుంట జెయ్యున్రి.”

గుడ్డ మడతలు పెట్టే ఫోల్డింగ్ ఆయన తానుల అంచు పొడుగునా పాత గుడ్డ పేలికలు పెట్టి కుట్టేశాడు. ఎర్రదీ లేదు, పచ్చదీ లేదు. మరునాడు పొద్దున టేబుల్ ముందు కూర్చుని లైట్లు వేసుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ఈ గుడ్డ నాకు తెలుసు, నేశాను, మోశాను, చూశాను. మొదటి పట్టీ వచ్చింది. పెన్సిల్ చిట్టీ మీద పెట్టాను.

చెయ్యి కదల్లేదు. కళ్ళు గుడ్డను వదిలేసి అంచు వైపు పోతున్నాయి. ఎవరిదో తెలియకుండా నేను తప్పును తప్పుగా చూడలేకపోతున్నాను. ఎంతసేపు అట్లా కూర్చున్నానో చెప్పలేను, ఫోల్డింగ్ ఆయన వచ్చి లైటు పోయిందా మాస్టర్ అని అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు, పదిమందికి నేర్పిన ముక్క నాకు నేను నేర్పుకున్నాను. జాన చాచి, ఈ పట్టీ నుంచి ఆ పట్టీకి కొలవడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు జానలు. మళ్ళీ నాలుగు. మళ్ళీ నాలుగు. ఇది మిషన్. ఇంకొంత దూరం పోయాక రెండు జానలకొకటి, తర్వాత పదకొండుకు, తర్వాత పక్కపక్కనే రెండు. ఇది చెయ్యి. సాయంత్రం దాకా కొలిచాను, ఆ రోజు చాయ్‌కు కూడా పోలేదు.

అంచు పేలికలు విప్పి చూశాం. ఒడియా ఆయన ముక్కల్లో ఉన్నవన్నీ నాలుగు జానలకొకటి పడిన పట్టీలే, అన్నీ అయిదో నంబరు సాంచావే. పళ్ళచక్రం అరిగిపోయింది. బావకు బాగున్న సాంచాల మీద కూడా మిషన్ అని రాసీ రాసీ ఫిట్టర్‌కు నా చిట్టీల మీద నమ్మకం పోయింది, ఒడియా ఆయనకేమో చెయ్యి అని రాస్తూ పోయాను, అందుకని ఆ చక్రం ఎవరూ మార్చలేదు. బావ నడిపినప్పుడు కూడా అది అట్లాగే పట్టీ వేసేది, దాని పైన బావ తొందర వేరే. ఎక్కడపడితే అక్కడ పడినవన్నీ బావవి. ఇంకో వింత కూడా బయటపడింది. మూడు వారాల్లో నా చిట్టీలు నిజం చెప్పింది ఆ రెండో వారమే. ఎవరు ఎవరో నేను తప్పుగా అనుకున్న వారం.

శేఠ్‌కు నేనే చెప్పాను. బావ, ఒడియా ఆయన ఇద్దరూ పక్కనే ఉన్నారు. “సాంచాలు ఒడియా ఆయనకే ఇయ్యాలె,” అన్నాను హిందీలోనే, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. శేఠ్ తలూపాడు. ఒడియా ఆయన నా చేతులు పట్టుకోబోయాడు, నేను వెనక్కి లాక్కున్నాను. అట్లా పట్టుకోదగిన చేతులు కావు నావి. ఆయన బావ వైపు తిరిగి, బావ భుజం మీద నుంచి పింజ ఒకటి తీసి పారేశాడు.

అక్క మాత్రం నన్ను వదల్లేదు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి గడప లోపలికి రాకుండా నిలబడింది.

“ఏంది తమ్మీ, మనోల్లను మనం సూసుకోకుంటే ఎవలు సూసుకుంటరు?”

ఆ మాట నేను ఎక్కడ విన్నానో వెంటనే గుర్తొచ్చింది. మిత్ర దేశం వైపు నిలబడే ప్రతి పెద్ద దేశం నోటా, చాయ్ బండి దగ్గర నేనే గొంతు మార్చి వెక్కిరించిన మాట. ఇప్పుడు మా అక్క గొంతులో వింటే అది వెక్కిరించే మాటలాగా లేదు, మంచి మాటలాగానే ఉంది. రెండు నెలలు ఆమె నాతో మాట్లాడలేదు.

ఇదంతా జరిగి ఏడాది పైనే అయింది. అందరం బాగానే ఉన్నాం. ఒడియా ఆయన కూతురు మూడో తరగతికి వచ్చింది, గుజరాతీలో వాళ్ళ నాన్నను దిద్దుతోందట. అయిదో నంబరు సాంచాకు కొత్త చక్రం పడింది. బావ సూరత్ శివార్లలో ఇచ్ఛాపూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేరాడు. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, పన్నెండు గంటల నడక లేదు, చెవుల్లో మోత లేదు. లావెక్కాడు కూడా. దారం ధర కొంచెం దిగాక శేఠ్ మళ్ళీ రమ్మని కబురు పెడితే ఇప్పుడు వద్దులే అన్నాడు. మా మేనకోడలు పది పాసై ఇంటరు చదువుతోంది. నేను ఇంకా చెకింగ్ టేబుల్ దగ్గరే ఉన్నాను. ఎందుకుంచాడో శేఠ్‌ను అడగలేదు, అడిగితే తీసేస్తాడేమోనని. దారాలు కప్పి చూడటం ఇప్పుడు మా కార్ఖానాలో పద్ధతైపోయింది.

చాయ్ బండి దగ్గర దేశాలను తిట్టడం మానలేదు. వాళ్ళేమన్నా మారారా, నేను మారడానికి? నిన్న కూడా ఒకణ్ణి ఉతికి ఆరేశాను. కాకపోతే ఈమధ్య మాట మధ్యలో ఆగి, ఇందులో నాకు ఎవరంటే ఇష్టం అని నన్ను నేను అడుగుతున్నాను. దానివల్ల నా మాటలో పస తగ్గిందని చాయ్ బండి ఆయన ఫిర్యాదు.

పోయిన ఆదివారం అక్కావాళ్ళింట్లో భోజనం. అక్క ఇప్పుడు మాట్లాడుతోంది, మాట్లాడటమే కాదు కొసరి కొసరి వడ్డిస్తోంది. బావా నేనూ పక్కపక్కన కూర్చుని తింటున్నాం. టీవీలో ఏదో దేశం తన మిత్ర దేశాన్ని వెనకేసుకొస్తోంది. నేను నోరు తెరవబోయాను. బావ నా కంచం వైపు చూస్తూ అన్నాడు.

“బామ్మర్దీ, ఒక మాట అంట, ఏమనుకోకు. మూడేండ్లు నాకు మిషన్ అని రాసినవ్. ఒక్కసారన్న చెయ్యి అని రాస్తే, గిట్ల కాదు బావా అని ఒక్కసారన్న జెప్తే, నేను దిద్దుకుంటుంటి గదా. నా సాంచాలు నాకే ఉంటుండె.”

ఆయన గొంతులో కోపం లేదు. పప్పు గిన్నె నా వైపు జరిపాడు కూడా. నేను ఎడమ చేత్తో రిమోట్ అందుకుని టీవీ ఆపేశాను.